షెడ్డులో గుర్రాలు

ఫిబ్రవరి 2

షెడ్డులోకి ఇంజన్ దిగింది. చెక్కపెట్టెలో వచ్చింది. పెట్టె మీద ‘ఈ పక్క పైకి’ అని బాణం గుర్తు వేసి ఉంటే, వ్యాన్ వాళ్లు శ్రద్ధగా ఆ పక్కే కిందికి పెట్టి దించారు. అల్లుడు పురిటి గది బయట నిలబడ్డ మగాడిలా చేతులు నలుపుకుంటూ, ఎటు జరిగితే ఎవరికి అడ్డమో తెలియక తిరిగాడు.

వాళ్లు వెళ్లాక నా దగ్గరికి వచ్చి, “అత్తయ్యగారూ, దీని సంగతి అప్పుడే ఫోన్లో చెప్పకండి” అన్నాడు.

“దేని సంగతి?”

“ఇదే. ఇంజన్.”

“నాకే ఇంజనూ కనబడలేదు” అన్నాను.

అనడానికి అన్నాను గానీ, నా కూతురి దగ్గర ఏదీ దాగదు. అది కొండల్లో సొరంగాలు తవ్వించే ఇంజనీరు. రాయిని తట్టి, దాని వెనక నీళ్లున్నాయో లేదో చెబుతుంది. నెలకోసారి ఇంటికొస్తుంది. మిగతా రోజులు ఈ ఇంట్లో నేనూ, అల్లుడూ, ఆ కారూ.

కారంటే పెద్ద కారేం కాదు. రెండే తలుపులు. వెనక సీట్లో కూర్చోవాలంటే కాళ్లు ఇంట్లో విప్పి పెట్టి రావాలి. కుర్రకారు కోసం చేసిన బండి, ఇప్పుడు దానికీ వయసైపోయింది. వాళ్ల పెళ్లికంటే పాతది. ఆ రోజుల్లో దాన్ని ఎక్కువగా నడిపింది నా కూతురే. ఇతను పక్క సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, ఇంజన్ వినేవాడట. ఆ ముక్క తెలిసినప్పుడే అనుకున్నాను, ఇతను చాలా మంచివాడైనా అయుండాలి, తిక్కవాడైనా అయుండాలి అని. ఇన్నేళ్లయినా తేలలేదు.

ఫిబ్రవరి 5

భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా పాత ఇంజనయింది, నీళ్ల జగ్గు కొత్త ఇంజనయింది.

“ఇప్పుడున్నది నూరు గుర్రాల బలం అత్తయ్యగారూ. ఇది అదే కంపెనీ పెద్ద కారుది, రెండొందల యాభై. టర్బో కూడా పెద్దది వేస్తే మూడొందలు దాటుతుంది.”

“టర్బో అంటే?”

“బయటికి పోయే పొగతోనే ఒక చక్రం తిప్పి, ఇంజన్లోకి ఇంకాస్త గాలి ఎగదోస్తుంది.”

“మీ మావయ్యగారిలాగన్నమాట. ఆయనా అంతే, గదిలోంచి బయటికి పోతూ కూడా ఎవర్నో ఒకర్ని ఎగదోసి పోయేవారు.”

నవ్వాడు. నవ్వినప్పుడు బానే ఉంటాడు.

“కూరగాయలు తేవడానికి మూడొందల గుర్రాలెందుకు అల్లుడుగారూ?”

“కూరగాయలకి బస్సులోనే వెళ్తున్నాంగా.”

నిజమే. కిందటేడాది నుంచి బజారుకీ బస్సే, ఆఫీసుకీ బస్సే. కారు పెట్టుకోవడానికి చోటు దొరకడం లేదంటాడు. లిఫ్టుల కంపెనీ ఉద్యోగం. ఇదివరకు మేడమేడకీ తిరిగి, లిఫ్టు గోతుల్లోకి దిగి తనిఖీలు చేసేవాడు. ఇప్పుడు ఆఫీసులో కూర్చోబెట్టారు. ప్రమోషనట. ప్రమోషన్ వచ్చిన మనిషి మొహం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

ఫిబ్రవరి 9

కూతురి ఫోన్. “తనేం చేస్తున్నాడమ్మా?” అంది. “చదువుకుంటున్నాడు” అన్నాను. అబద్ధం కాదు. ఒళ్లో కారు వైరింగ్ పుస్తకం ఉంది.

ఫిబ్రవరి 13

పాత ఇంజన్ బయటికొచ్చింది. కొత్తది లోపలికి పోవడం లేదు.

ఇంజన్‌ని కారుకి పట్టి ఉంచే ఇనుప చెవులుంటాయి, వాటిని మౌంట్లంటారు. పాతవున్న చోట కొత్త ఇంజన్ కూర్చోదు కాబట్టి కొత్త చెవులు కుట్టాలి. అందుకు వెల్డింగ్ పని చేసే ఒకమ్మాయి వచ్చింది. నిప్పులమ్మాయి అని నేను పేరు పెట్టాను. చేతుల నిండా చిన్న చిన్న కాలిన మచ్చలు, నోటినిండా మాటలు. ఇద్దరూ కలిసి నా మందుల అట్టపెట్టెలన్నీ చించి, ఇనుము కొయ్యడానికి ముందు అట్టతో నమూనాలు కోశారు. కారు కడుపునిండా నా బీపీ మాత్రల పేర్లు.

“ఇక్కడ సందు చాలదు సార్” అంది.

“వేలు పెట్టి చూశాను. చాలుతుంది” అన్నాడు అల్లుడు.

“బానెట్ మూత పడదు.”

“వేసి చూద్దాం.”

“పడకపోతే?”

“కోసి చూద్దాం.”

నిప్పులమ్మాయి నా వైపు తిరిగింది. “టీచర్‌గారూ, మీ అల్లుడుగారు చేసి చూసే రకమండీ. చూసి చేసే రకం కాదు.”

నేను జీవితమంతా వ్యాకరణం చెప్పినదాన్ని. ఇంత మంచి వాక్యం ఏ విద్యార్థి నోటా వినలేదు. మన భాషలో చూడటమన్నది ఒక్క కంటి పని కాదు. నాలుక రుచి చూస్తుంది, ముక్కు వాసన చూస్తుంది, చెయ్యి తాకి చూస్తుంది. సహాయక క్రియల పాఠంలో నేనిచ్చే ఉదాహరణ ఒకటుండేది: ‘గుడ్డివాడు కూడా తిని చూస్తాడు.’ ఎంత మొద్దు క్లాసైనా దానికి నవ్వేది.

ఫిబ్రవరి 19

పనిముట్లన్నీ ఎదురుగా గుడ్డ మీద వరసగా పెట్టుకుంటాడు. టీ కప్పు పెట్టడానికి చోటు లేక నేను ఒక స్పానర్ పక్కకి జరిపాను. కాసేపటికి దానికోసం వెతుక్కోవడం మొదలెట్టాడు.

“ఆ పక్క చూశారా?”

“చూశానండీ. లేదు.”

అతని మోచేతి పక్కనే ఉంది. కదిలితే తగిలేంత దగ్గర. నేనే తీసి చేతికిచ్చాను. తీసుకోబోయి టీ కప్పు తన్నేశాడు.

“ఈ షెడ్డులో వెలుతురు చాలదు” అన్నాడు.

మధ్యాహ్నం. తలుపులు రెండూ బార్లా తీసి ఉన్నాయి.

“బల్బు మార్పిద్దాం” అన్నాను.

ఫిబ్రవరి 20

బల్బు మార్పించాను.

ఫిబ్రవరి 22

ఫోన్లో కూతురు అడిగింది: “తన భుజానికి ఆ దెబ్బ తగ్గిందా?”

“ఏ దెబ్బ?”

“నేనొచ్చినప్పుడు తలుపుకి కొట్టుకున్నాడుగా.”

తగ్గిందన్నాను. ఆ భుజం తగ్గింది. ఇప్పుడున్నది రెండో భుజానికి. మగాళ్లు ఇంట్లో చూసుకుని నడవరు, అది అందరిళ్లలోనూ ఉన్నదే. మీ నాన్న కూడా గుమ్మాలకి గుద్దుకునేవారు అన్నాను. మా ఆయన జీవితంలో ఒక్కసారి కూడా గుమ్మానికి గుద్దుకోలేదు.

ఫిబ్రవరి 26

పాఠాలు మానేసి చాలా కాలమైంది గానీ, మాట వినబడితే విడదీసే జబ్బు పోలేదు. ఈ వారమంతా అల్లుడి మాటలు విడదీస్తూనే ఉన్నాను. తాకి చూశాను. ఊపి చూశాను. విని చూశాను. వాసన చూశాను. ముందు ఇంకో మాట ఆసరా లేకుండా ఉత్త ‘చూశాను’ అన్నది ఒక్కసారే, ఆ స్పానర్ దగ్గర. అది అబద్ధం.

సాయంత్రం షెడ్డులోకి వెళ్లాను. ఇంజన్ మీదకి వంగి వైర్లు కలుపుకుంటున్నాడు. అతని పక్కన నిలబడ్డాను. పలకరించలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టి ఊపాను. వైరు కలుపుకుంటూనే ఉన్నాడు. చేతిని మెల్లగా ముందుకి జరుపుతూ వచ్చాను. దాదాపు ముక్కు ముందుకొచ్చేదాకా ఆ మనిషికి నేనక్కడ లేను. అప్పుడు ఉలిక్కిపడి తల ఎత్తి బానెట్‌కి కొట్టుకున్నాడు.

“ఎప్పుడొచ్చారు?”

“చాలాసేపయింది అల్లుడుగారూ.”

నా చేతి వైపు చూశాడు. స్పానర్ గుడ్డ మీద దాని చోట్లో పెట్టాడు.

“ఎదురుగా అంతా బానే కనబడుతుందండీ. మీ మొహం, మీ కోపం, అన్నీ. పక్కలు పోయాయి. గొట్టంలోంచి చూసినట్టుంటుంది.” గ్లకోమా అట. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కల మందు. ఆ సీసా పనిముట్ల పెట్టెలో అడుగున దాచాడు. “కారు నడపొద్దన్నారు. మానేశాను. బస్సు అందుకే. ఆఫీసులో కుర్చీ కూడా అందుకే.”

“మరి ఈ మూడొందల గుర్రాలు ఎవరికి?”

ఊరి బయట విమానాలు మానేసిన పాత రన్‌వే ఒకటుందట. ఏప్రిల్లో మొదటి ఆదివారం ఏదో క్లబ్బు వాళ్లు దాని మీద ఒక్కో కారునీ ఒంటరిగా వదులుతారట.

“రన్‌వే తిన్నగా ఉంటుంది అత్తయ్యగారూ. ఎదురు ఎవరూ రారు. పక్కకి చూసే పని లేదు, ముందుకి చూస్తే చాలు. నాకు మిగిలింది అదొక్కటే కదా, దాన్ని ఎంత జోరుగా వాడొచ్చో అంత జోరుగా. ఒక్కసారి.”

“దానికి చెప్పారా?”

“చెబితే సొరంగం సగంలో వదిలేసి వచ్చేస్తుంది.”

“రానివ్వండి.”

“అందుకే చెప్పలేదు.”

క్లాసులో నవ్వించిన ఆ ఉదాహరణ గుర్తొచ్చింది. ఇవాళ మళ్లీ రాయను.

ఫిబ్రవరి 27

కూతురికి చెప్పకూడదని నేనేం అనుకోలేదు. ఇవాళ చెప్పలేదు, అంతే.

మార్చి 4

నాకు కార్ల మీద ఏ ఆసక్తీ లేదు. ఊరికే అడిగాను, “ఇన్ని గుర్రాల్ని ఆపేదెవరు?” అని. పాత బ్రేకులే ఉంచుతాడట. నూరు గుర్రాలకి చేసిన బ్రేకులు. అవి వేడెక్కితే లోపలి నూనె మరిగిపోతుంది, నూనె మరిగితే పెడల్ నేలదాకా మెత్తగా దిగిపోతుంది, కారు మాత్రం దాని దారిన అది పోతుంది. ఇదంతా నాకు నిప్పులమ్మాయి చెప్పింది. పెద్ద బ్రేకు డిస్కులు వేస్తే గానీ ఆ ఇంజన్‌కి తాళం చెవి పెట్టనివ్వనని షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చున్నాను. పెద్ద డిస్కులు పాత చక్రాల్లో పట్టవట. అయితే చక్రాలూ మార్చండి అన్నాను.

“టీచర్‌గారు పార్టీ మార్చేశారు సార్” అంది నిప్పులమ్మాయి.

మార్చలేదు. ఆపలేనని తెలిశాక, ఆగేలా చేయిస్తున్నాను.

మార్చి 10

ఇవాళ నిప్పులమ్మాయి టీ తాగుతూ మామూలుగా అనేసింది. “ఇది ముందు చక్రాలు లాగే బండి సార్. ఒక్కసారిగా ఇంత బలం ఇస్తే స్టీరింగ్ ఓ పక్కకి గుంజుతుంది. గట్టిగా పట్టుకోవాలి.”

“ఏ పక్కకి?” అన్నాను.

“అది బండి ఇష్టమండీ.”

అల్లుడు తల ఎత్తలేదు. నేను టీ తాగలేకపోయాను. తిన్నగా, తిన్నగా అని ఇన్నాళ్లూ నాకు చెప్పి, తనకి తను చెప్పుకుని, చివరికి పక్కకి గుంజే బండి.

రేపు కూతురికి చెప్పేస్తాను.

మార్చి 11

లైన్ సరిగా కలవలేదు. అంటే, కలిసింది గానీ దాని గొంతు అలసటగా ఉంది.

మార్చి 15

ఇంజన్ మొదటిసారి పలికింది.

ముందు దగ్గింది. తర్వాత గొంతు సవరించుకుంది. ఆ తర్వాత షెడ్డు రేకులన్నీ ఒకేసారి మాట్లాడాయి. నా కాళ్ల కింద నేల సన్నగా వణికింది. బానెట్ మూత పడక కోసేసిన కన్నంలోంచి ఎండలా వేడి. నిప్పులమ్మాయి ఈల వేసింది. అల్లుడు చెయ్యి ఇంజన్ మీద ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

“చుక్కల మందండీ” అన్నాడు.

మందు వేసుకునే వేళ కాదు. అంత చప్పుడు లోపల్నుంచి అంత సంతోషం వస్తుంటే ఏమనను.

మార్చి 16

షెడ్డు ముందు వేసుకునే నా కుర్చీ విరిగింది. పాత కుర్చీ.

మార్చి 17

కుర్చీ పాతది కాదు.

నిన్న పొద్దున కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. అతను కారుని షెడ్డులోంచి వాకిట్లోకి తెచ్చి చూస్తానన్నాడు. వాకిలి దాటనని ఒట్టేశాడు. లోపల ఫోన్ మోగింది. గిన్నె కుర్చీలో పెట్టి లేచి వెళ్లాను. కూతురు. ఆ ఫోనే పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఫెళ్లుమంది.

కుర్చీ ముందు చక్రం కింద ఉంది. గిన్నె పళ్లెమైపోయింది. అతను దిగాడు. మొహం వెలిగిపోతోంది.

“చప్పుడు విన్నారా అత్తయ్యగారూ? పొగ గొట్టం దేనికో తగులుతున్నట్టుంది.” అంటూ బఠాణీలు తొక్కుకుంటూ నా వైపు నడిచి వచ్చాడు.

చెవిలో కూతురు: “అమ్మా, ఏంటా చప్పుడు?”

“ఒరేయ్” అన్నాను. “అది నా కుర్చీరా.”

పెళ్లిచూపుల నాటి నుంచి అతన్ని మీరు అని తప్ప పిలిచి ఎరగను. అతను ఆగాడు. తల మెల్లగా, చాలా మెల్లగా తిప్పుతూ వెళ్లి, కుర్చీ దగ్గర ఆపాడు. ఉన్నచోటే కూలబడ్డాడు.

“ఎవర్నమ్మా రా అంటున్నావు?” ఫోన్లో.

“కుక్కని” అని పెట్టేశాను. మాకు కుక్క లేదు. ఆ సంగతి దానికి తెలుసు.

“మీరు అందులో ఉండి ఉంటే...” అన్నాడు.

“ఉండుంటే ఈపాటికి నీకు పాఠం మొదలెట్టేదాన్ని. లే. చెబుతావా, నన్ను చెప్పమంటావా?”

 

మార్చి 18

చెప్పాడు. నేను పక్కనే కూర్చున్నాను. ముందు ఇంజన్ సంగతి చెప్పాడు, దద్దమ్మ. కూతురు దాని మీద అరవడం మొదలెట్టాక కళ్ల సంగతి చెప్పాడు. అరుపు ఆగిపోయింది.

“అమ్మకి తెలుసా?” అంది.

“తెలుసు.”

“ఫోన్ అమ్మకివ్వు.”

తీసుకున్నాను. వెనకాల ఎక్కడో రాయిలోకి దిగుతున్న మిషను చప్పుడు. అదే వింటూ ఉన్నాను. తర్వాత పెట్టేసింది.

మార్చి 19

ఫోన్ రాలేదు.

మార్చి 20

రాలేదు. అల్లుడు వంట చేశాడు. ఉప్పు వెయ్యలేదు. ఇద్దరం తిన్నాం.

మార్చి 22

వచ్చింది. బూట్లకి బురదతో సంచి కూడా దించకుండా నేరుగా షెడ్డులోకి వెళ్లింది. బానెట్ ఎత్తి చాలాసేపు చూసింది. మేమిద్దరం పరీక్ష తప్పిన పిల్లల్లా వెనకాల నిలబడ్డాం.

“బ్రేకులు మార్చావా?” అంది. అదే మొదటి మాట.

“మార్చాను. అత్తయ్యగారు పట్టుబట్టారు.”

అప్పుడు నా వైపు తిరిగింది. “నువ్వు అబద్ధాలాడతావని తెలుసమ్మా. ఇంత బాగా ఆడతావని తెలీదు.”

“అంత బాగా ఏం కాదు. కుక్క దగ్గర దొరికిపోయాను” అన్నాను.

నవ్వలేదు. మొహం అటు తిప్పుకుంది. ఇంట్లోకి రాగానే చుక్కల మందు ఎక్కడని అడిగింది. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం పట్టి తల వెనక్కి వంచి, ఒక్కో కంట్లో వేసింది. సీసా మూత పెడుతూ అంది:

“కొండ వెనకేముందో తట్టి చూసి చెబుతాను. ఇంట్లో మనిషిని తట్టి చూడలేదు.”

“రన్‌వే మానేశానులే” అన్నాడు అతను కళ్లు మూసుకునే.

“ఎవరు మానెయ్యమన్నారు?” అంది. చెయ్యి చాపింది. “తాళం చెవి ఇలా ఇవ్వు.”

మార్చి 29

కూతురు సెలవు పెట్టింది. నాతో ఇంకా అవసరమైనంతే మాట్లాడుతోంది. అతనితో మాత్రం రోజంతా షెడ్డులో పోట్లాట. స్టీరింగ్ గుంజుడు తగ్గించడానికి ముందు చక్రాలకి ఏదో మార్చారు. “తగ్గిందా?” అని గుమ్మంలోంచి అడిగాను.

“తగ్గింది” అంది. స్పానర్ కింద పెట్టి, “పూర్తిగా పోదమ్మా. పట్టుకుంటాను” అంది.

ఆ ‘అమ్మా’ కోసం వారం నుంచి కాచుకుని ఉన్నాను. కానీ ఆ ‘పూర్తిగా పోదు’ కూడా దానితోనే వచ్చింది. ఇన్నాళ్లూ ఒక మనిషి కోసం భయపడ్డాను. ఇప్పుడు ఆ కారులో ఇద్దరుంటారు.

ఏప్రిల్, మొదటి ఆదివారం

రన్‌వే మీద గాలి. పగుళ్లలో గడ్డి. నిప్పులమ్మాయి పనిముట్ల సంచీతో ముందే వచ్చి, అందరికీ ఆ మౌంట్లు తనవేనని చెప్పుకుంటోంది. స్టీరింగ్ దగ్గర నా కూతురు. పక్క సీట్లో అతను, పెళ్లికి ముందులాగే. గేరు ఎప్పుడు మార్చాలో ఇంజన్ విని అతను చెబుతాడు, ఆమె మారుస్తుంది. అదీ ఒప్పందం. హెల్మెట్లలో ఇద్దరూ ఒకేలా ఉన్నారు.

బయల్దేరుతూనే కారు ముక్కు ఒక్క క్షణం పక్కకి గుంజింది. నేను కళ్లు మూసుకున్నాను.

ఆ తర్వాత అంతా చప్పుడే. పైకి పైకి పోయి తెగింది, మళ్లీ అందుకుంది. తెగింది, అందుకుంది. ప్రతిసారీ తెగిన చోట అతని గొంతు ఉంటుందనుకున్నాను. దూరమై, సన్నబడి, ఈలలా అయిపోయింది. బ్రేకులు కీచుమన్నాయి. తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం చాలా పొడుగు. నిప్పులమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. కాలిన మచ్చలు గరుగ్గా తగిలాయి.

తర్వాత ఎక్కడో గొంతు సవరించుకుంటున్న చప్పుడు. తిరిగి వస్తున్నారు.

కారు ఆగాక అతను దిగాడు. హెల్మెట్ తీసి, తల ఆ చివర నుంచి ఈ చివరదాకా మెల్లగా తిప్పుతూ నాకోసం వెతికాడు. నేను పిలవలేదు. వెతుక్కోనిచ్చాను. దొరికాను.

“చూశారా అత్తయ్యగారూ?”

అబద్ధం చెప్పొచ్చు. ఈ మధ్య అలవాటే.

“విని చూశానురా” అన్నాను.